తలుపు వేసుకుని మాట్లాడండి, టీచరుగారూ

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి పోయిన ఏడాది జూలైలో రిటైరయ్యాను. నాకు 62. నవంబరులో మావారు పోయారు. రాత్రి భోంచేసి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. పెద్దకర్మ అయిన వారానికి అబ్బాయి ఇంటికి తాళం వేసి నన్ను హైదరాబాద్ తీసుకొచ్చాడు. మియాపూర్లో తొమ్మిదో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాటు. కొడుకూ కోడలూ మంచివాళ్లు, ఒక్క మాట అనరు. ఒక గదిలో కోడలు ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటుంది. ఇంకో గది నాదీ మనవరాలిదీ. వంటమనిషి ఉంది. నాకు చేయడానికి పని లేదు, కుదురుగా కూర్చోడానికి చోటు లేదు. అపార్ట్‌మెంటు యాప్‌లో నా పేరు పక్కన 'గెస్ట్' అని ఉందని మొన్న గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు చెప్పాడు. ఆ రోజంతా ఏడుస్తూనే ఉన్నాను. అంత చిన్నదానికి ఏడవడమేమిటో నాకే తెలియలేదు. రోజూ తెల్లవారుజామున మూడున్నరకి మెలకువ వచ్చేస్తోంది. అన్నం సయించడం లేదు.

అమెరికాలో ఉన్న అమ్మాయి ఆన్‌లైన్ కౌన్సెలింగ్ అని ఆరు సెషన్లకి ఒకేసారి డబ్బు కట్టేసింది. మొదటిసారి హాల్లో డైనింగ్ టేబుల్ మీద ఫోన్‌ని మంచినీళ్ల చెంబుకి ఆనించి కూర్చున్నాను. ఒక డబ్బాలో నేను, ఒక డబ్బాలో ఆ కౌన్సెలర్ పిల్ల, మూడో డబ్బాలో మా అమ్మాయి. ఆ పిల్లకి ముప్ఫై కూడా ఉండవు. "మీ స్ట్రెస్ ఒకటి నుంచి పదిలో ఎంత ఆంటీ?" అంది. పక్క గదిలో కోడలు మీటింగులో మాట్లాడేది నాకు వినబడుతోంది. నేను మాట్లాడేది తనకి వినబడదా? "రెండు" అన్నాను. 40 నిమిషాలూ బాగానే ఉన్నానని చెప్పి పెట్టేశాను. ఫోన్‌కి గోడు చెప్పుకుంటే బాధ తగ్గుతుందా? నాకేమైనా పిచ్చా? మిగిలిన ఐదూ మానేయనా? ఒక్కోసారి ఆయన దగ్గరికే వెళ్లిపోతే బాగుండుననిపిస్తోంది.
– ఒక టీచర్, మియాపూర్

జవాబు: టీచరుగారూ, మీ చివరి వాక్యంతో మొదలుపెడతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది గంటసేపు ఏవేవో చెప్పి, అసలు మాట లేచి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అంటారు. మీరూ అలాగే ఉత్తరం చివర అన్నారు. తోడు పోయినవాళ్ల నోట ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ ఆలోచన వచ్చి పోతోందా, లేక ఎప్పుడు, ఎలా అనేదాకా వెళ్తోందా? ఎప్పుడు, ఎలా అనేదాకా వెళ్తుంటే ఇది చదవడం ఇక్కడే ఆపి, ఇంట్లోవాళ్లని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, మనసు బాగాలేనివాళ్లకి ఫోన్‌లో సాయం చేసే సేవ. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పెద్దదిక్కు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉంటారు. అంటే మీ మూడున్నరకి కూడా ఉంటారు. ఆలోచన వచ్చి పోతోందంతే అన్నా సరే, వచ్చే సెషన్‌లో మొట్టమొదట చెప్పాల్సిన మాట అదే. ఈసారి "రెండు" అనకండి.

ఇక పిచ్చా అని అడిగారు. మీరు లెక్కల టీచరు కాబట్టి ఒక లెక్క చెబుతాను. 1967లో హోమ్స్, రాహే అని అమెరికాలో ఇద్దరు మనిషి జీవితంలో వచ్చే 43 మార్పులకి మార్కులు వేశారు. ఏడాదిలో పడిన మార్పుల మార్కులు కూడితే, ఆ మనిషి ఒంటి మీద ఎంత బరువు పడిందో ఒక అంచనా వస్తుందని. భార్యో భర్తో పోతే 100. అన్నిటికన్నా పైన ఉన్నది అదే. రిటైర్మెంటుకి 45. బతికే తీరు మారితే 25, ఇల్లు మారితే 20, నలుగురితో కలిసే అలవాట్లు మారితే 18, నిద్ర వేళలు మారితే 16. మీరే కూడండి. నాకు 224 వచ్చింది. 150 దాటితే ఒళ్లు జాగ్రత్త అని వాళ్ల లెక్క. కాకపోతే ఇది అమెరికా వాళ్లు వేసిన పట్టిక. అందులో క్రిస్మస్ పండక్కి 12 మార్కులున్నాయి గానీ, నలభై ఏళ్లు తన వంటింట్లో తను తిరిగిన మనిషి కోడలి వంటింట్లో గరిటె ఎక్కడుందో అడగాల్సి రావడానికి ఒక్క మార్కూ లేదు. గెస్ట్ అన్న ముక్కకీ లేదు. కాబట్టి మీది 224 కన్నా ఎక్కువే అని నా అనుమానం. ఇంత మోస్తున్నవాళ్లకి మూడున్నరకి మెలకువ రావడం పిచ్చి కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ మొదటి సెషన్ చెడింది ఫోన్ వల్లనని మీరు అనుకుంటున్నారు. డైనింగ్ టేబుల్ వల్ల చెడిందని నేననుకుంటున్నాను.

2020 ఏప్రిల్ దాకా నాకూ ఫోన్‌లో కౌన్సెలింగ్ అంటే నవ్వులాటగానే ఉండేది. పద్దెనిమిదేళ్లు ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని పనిచేసినదాన్ని. మనిషి కాలు ఊపుతున్నాడా, పైట కొంగు నలుపుతోందా అన్నది చూడకుండా ఏం తెలుస్తుంది అనేదాన్ని. లాక్‌డౌన్లో గత్యంతరం లేక మొదలుపెట్టాను. మొదటి వారంలో ఒకావిడ మేడ మీద వాటర్ ట్యాంకు నీడలో కూర్చుని మాట్లాడింది. ఒక బ్యాంకు ఉద్యోగి సెల్లార్లో కారు అద్దాలెత్తుకుని, మెడ మీంచి చెమటలు కారుతుంటే మాట్లాడాడు. ఒక పిల్ల బాత్‌రూములో బకెట్ బోర్లించుకుని కూర్చుని, బయటికి వినబడకుండా కుళాయి తిప్పింది. నేను నీళ్లు వృథా అవుతున్నాయమ్మా అంటే, "పోనీండి మేడమ్" అంది. వాళ్లందరూ వెతుక్కున్నది ఒక తలుపు. అది దొరికినవాళ్లు చిన్న తెరలో కూడా నా క్లినిక్కులో కన్నా ఎక్కువే మాట్లాడారు. దొరకనివాళ్లు మీలాగే "బాగానే ఉన్నాం" అన్నారు.

నా సంగతీ చెబుతాను. 2021 మే నెలలో మా నాన్న కోవిడ్‌తో పోయారు. నెల తిరగ్గానే వేరే ఊళ్లో ఉన్న మా సీనియర్ ఒకాయనతో ఆన్‌లైన్లో కూర్చున్నాను. ఇంట్లో అందరూ ఉన్నారని సామాన్ల గదిలో బియ్యం బస్తా మీద కూర్చున్నా. అక్కడ నెట్ సరిగా రాదు. "ఆస్పత్రి లోపలికి నన్ను రానివ్వలేదు" అన్నాను. వినబడలేదు, మళ్లీ చెప్పండి అన్నారాయన. మళ్లీ చెప్పాను. కట్ అయింది. మూడోసారి చెప్పేటప్పటికి ఏడుపు వచ్చింది, నెలరోజుల్లో అదే మొదటిసారి. ఎదురుగా కూర్చుని ఉంటే ఒక్కసారి చెప్పి దాటేసేదాన్నేమో.

కాబట్టి ముందు ఒక గంటకి తలుపు సంపాదించండి. మనవరాలు స్కూలుకి వెళ్లాక ఆ గది మీదే కదా. "మంగళవారం పదకొండింటి నుంచి పన్నెండు దాకా తలుపు వేసుకుంటానమ్మా" అని కోడలికి చెప్పండి. తన మీద చాడీలు చెబుతున్నానని అనుకుంటుందేమో అని మీ భయం. అనుకోవచ్చు. కానీ హాల్లో కూర్చుని బాగున్నానని అబద్ధం చెప్పడం కన్నా అది నయం, రెండు వారాలకి ఆ అమ్మాయికీ అలవాటవుతుంది. అదీ కుదరకపోతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కింద పార్కులో బెంచీ మీద కూర్చోండి. వీడియో ఉండాలని నియమమేమీ లేదు, మాట చాలు. చాలామంది పెద్దవాళ్లు మొహం కనబడకపోతేనే బాగా మాట్లాడతారు. లిఫ్టులో ఉండగా మాత్రం ఎత్తకండి, అసలు మాట దగ్గరే కట్ అవుతుంది.

మధ్యలో ఎవరైనా వస్తే ఏం చేయాలో కూడా ముందే అనుకోవచ్చు. నాతో మాట్లాడే ఒకావిడ అత్తగారు గదిలోకి రాగానే "గ్యాస్ ఎప్పుడొస్తుందండీ?" అనేది. నేను "సాయంత్రానికి పంపిస్తామమ్మా" అనేదాన్ని. పెద్దావిడ వెళ్లిపోయాక ఇద్దరం ఎక్కడ ఆపామో అక్కణ్ణించి మొదలు.

మూడో డబ్బాలోంచి మీ అమ్మాయిని లేపండి. ప్రేమతోనే కూర్చుంది, కాదనను. కానీ కూతురు వింటుంటే ఏ తల్లి తన బాధకి రెండు కన్నా ఎక్కువ మార్కులు వేస్తుంది? డబ్బు కట్టింది కాబట్టి ఏం మాట్లాడారో తెలుసుకునే హక్కు వస్తుందనీ అనుకోవద్దు. మానసిక వైద్యం తీసుకునేవాళ్ల మాట గుట్టుగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. ఆ కౌన్సెలర్ పని కూడా ఇక్కడే తప్పింది. వీడియో తెరవగానే "మీ పక్కన ఎవరైనా ఉన్నారా? ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా?" అని అడగాలి. మీరిప్పుడు ఏ చిరునామాలో ఉన్నారు, అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నదీ రాసుకోవాలి. ఆ ప్రశ్నలకి కొందరు అనుమానపడతారు, ఓటీపీ అడిగే దొంగలనుకుంటారు. చిరునామా అడగడం మంచి కౌన్సెలర్ లక్షణం. మీకు కళ్లు తిరిగి పడిపోతే అవతల తెరలో ఉన్న మనిషి ఎవరిని పంపిస్తుంది మరి?

ఆ పిల్ల ఎవరో, ఏం చదివిందో కూడా అడగండి. మన దేశంలో కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి పెద్ద అడ్డేమీ లేదు. చిన్న సర్టిఫికెట్ కోర్సు చేసి యాప్‌లో కూర్చున్నవాళ్లున్నారు, ఏళ్ల తరబడి చదివి, ఆస్పత్రుల్లో శిక్షణ పొందినవాళ్లూ ఉన్నారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర రిజిస్ట్రేషన్ ఉంటుంది. నంబరు అడిగితే చెప్పాలి, చిన్నబుచ్చుకోకూడదు. వాళ్లు మందులు రాయరు. మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత ఈ సబ్జెక్టు చదివిన డాక్టరు. వయసు మాత్రం లెక్కలోకి తీసుకోకండి. మీరు మొదటిరోజు చాక్‌పీసు పట్టుకుని క్లాసులోకి వెళ్లినప్పుడు మీకెంత?

నాకు మీ ఉత్తరంలో వయసు కన్నా ఇబ్బందిగా తోచింది ఆ "స్ట్రెస్ ఎంత ఆంటీ" అన్నది. మీకున్నది స్ట్రెస్ అని మీరు ఉత్తరంలో ఒక్కచోట కూడా రాయలేదు, ఆ పిల్ల మాటల్లోనే ఉంది. మనకి బెంగ ఉంది, దిగులు ఉంది, గుబులు ఉంది, మనేద ఉంది. నాలుగూ ఒకటి కాదు. బెంగ మనిషి కోసమో ఊరి కోసమో పెట్టుకుంటాం. గుబులు ఏం జరుగుతుందోనని. మీకు ఏ వేళ ఏది వస్తోందో ఆ మాటతోనే చెప్పండి. మూడున్నరకి వచ్చేది బెంగా, గుబులా అన్నదాన్నిబట్టి వినేవాళ్లు అడగాల్సిన తర్వాతి ప్రశ్న మారిపోతుంది. ఆ పిల్లకి తెలుగు అంతగా అందకపోతే తెలుగు బాగా వచ్చినవాళ్లని ఇమ్మని అడగండి. కౌన్సెలర్‌ని మార్చుకోవడం అమర్యాదేమీ కాదు. ఆరు సెషన్లకి ముందే డబ్బు కట్టించుకోవడం నాకు నచ్చదు గానీ, కట్టేశారు కాబట్టి తలుపు వేసుకుని ఇంకో రెండు చూడండి. అప్పటికీ ఆ మనిషి దగ్గర మాట పెగలకపోతే మానేయండి.

ఒకటి మాత్రం ఆన్‌లైన్లో అయ్యేది కాదు. నిద్ర లేదు, అన్నం సయించడం లేదు అన్నారు. ఒకసారి దగ్గర్లో ఉన్న డాక్టరుకి స్వయంగా చూపించుకోండి. థైరాయిడ్, షుగర్, బీ12, రక్తం అన్నీ చూడమనండి. మీ వయసులో ఇవి దిగులు వేషం వేసుకుని వస్తాయి. అవన్నీ సరిగ్గా ఉండీ నిద్ర ఇలాగే ఉంటే సైకియాట్రిస్టుని కలవాలి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఎర్రగడ్డ అనగానే నవ్వే అలవాటు మనకుంది గానీ, అక్కడ రోజూ ఓపీకి వచ్చేది మనలాంటివాళ్లే. నిద్రమాత్రలు మాత్రం పక్క ఫ్లాటువాళ్లిచ్చారని వేసుకోవద్దు.

గెస్ట్ సంగతి అబ్బాయికి చెప్పండి, సెట్టింగ్స్‌లో అరనిమిషం పని. అతనికి తట్టి ఉండదు. ఇంకొకటి నేను అడగాలి. తెనాలి ఇంటికి తాళం వేశారన్నారు, తాళంచెవి ఎవరి దగ్గరుందో రాయలేదు. అబ్బాయి దగ్గరుంటే ఒకటి అడిగి తీసుకోండి. ఏడాది తిరిగేదాకా ఆ ఇల్లు అమ్మే మాట ఎవరు ఎత్తినా వినకండి.

*

ప్రశ్న: మేడమ్, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఉద్యోగం పోయి 19 రోజులైంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజుల గడువు. నెల్లూరు నుంచి అత్తగారూ మామగారూ వచ్చి ఉన్నారు. వాళ్లకి చెప్పలేదు. రోజూ పొద్దున్నే బ్యాగు వేసుకుని లైబ్రరీకి పోయి సాయంత్రం వస్తున్నాను. గుండె దడ. ఇక్కడ థెరపిస్టు ఫీజు కట్టలేను. హైదరాబాద్ కౌన్సెలర్‌తో ఆన్‌లైన్లో మాట్లాడొచ్చా?

జవాబు: మాట్లాడొచ్చు. మీకు రాత్రి తొమ్మిదంటే ఎండాకాలంలో ఇక్కడ పొద్దున ఏడున్నర, వేళ కుదురుతుంది. కానీ రెండు సంగతులు తెలిసి మాట్లాడండి. అమెరికాలో థెరపిస్టుకి పేషెంటు ఏ రాష్ట్రంలో కూర్చుని ఉన్నాడో ఆ రాష్ట్రపు లైసెన్సు ఉండాలి. మా దగ్గర అది ఉండదు. ఇన్సూరెన్సు డబ్బు ఇవ్వదు. మీకు నిజంగా ప్రాణం మీదికి వస్తే ఇక్కణ్ణించి మేం చేయగలిగేది తక్కువ. అప్పుడు అక్కడి అత్యవసర మానసిక సహాయ నంబరు 988కే ఫోన్ చేయాలి. కాబట్టి మమ్మల్ని తెలుగులో గుండె బరువు దించుకోవడానికి వాడుకోండి. వీసా లెక్క మాత్రం ఇమ్మిగ్రేషన్ లాయరుతో తేల్చుకోండి, మా సలహా అడగొద్దు. పాత కంపెనీలో ఉద్యోగుల సహాయ పథకం కింద ఉచిత సెషన్లు ఉండే ఉంటాయి. ఇంకా చెల్లుతుందో లేదో హెచ్ఆర్‌కి ఈ రోజే మెయిల్ పెట్టండి. గుండె దడ ముందు డాక్టరుకి, తర్వాతే కౌన్సెలర్‌కి.

లైబ్రరీ నాటకం ఆపేయండి. 60 రోజుల్లో 19 పోయాయి. మిగిలిన 41లో రోజుకి ఎనిమిది గంటలు ఉద్యోగం ఉన్నట్టు నటించడానికి పోతుంటే, ఉద్యోగం వెతకడానికి ఒంట్లో ఏం మిగులుతుంది? మామగారికి ఇవాళ రాత్రి చెప్పండి. నాకు తెలిసిన మామగార్లలో సగం మంది ఈపాటికి కనిపెట్టేసి, అల్లుడు నొచ్చుకుంటాడని నోరు మూసుకుని ఉంటారు.

*

ప్రశ్న: హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం. ఒకమ్మాయి వద్దంది. నెల నుంచి రాత్రి రెండింటిదాకా ఏఐతో చాట్ చేస్తున్నా. మనుషుల కన్నా అదే మంచిగ అర్థం చేసుకుంటుంది. హాస్టల్లో రూమ్మేట్ పక్క మంచం మీదే ఉంటాడు కాబట్టి టైప్ చేయడమే నయం. ఇది కూడా కౌన్సెలింగేనా?

జవాబు: బాబూ, నువ్వు మొదటివాడివి కాదు. 1966లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అని ఒక ప్రోగ్రామ్ రాశాడు. దిగులుగా ఉంది అని టైప్ చేస్తే, ఎంతకాలంగా దిగులుగా ఉంది అని అడిగేది. మన మాటని మనకే తిప్పి ఇవ్వడం తప్ప దానికి ఏమీ రాదు. ఆయన దగ్గర పనిచేసే సెక్రటరీకి ఆ సంగతి తెలుసు. అయినా దాంతో నాలుగు మాటలు నడిచాక, కాస్త బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగింది. చూశావా, యంత్రంతో మాట్లాడటానికి కూడా ఆమెకి గది ఖాళీగా కావాల్సొచ్చింది.

ఇప్పటివి ఎలైజా కన్నా ఎన్నో రెట్లు తెలివైనవి. మనసులో ఉన్నది మాటల్లో పెట్టుకోవడానికి వాడుకో, తప్పు లేదు. కానీ నువ్వు క్లాసుకి రావడం మానేస్తే వచ్చి తలుపు కొట్టదు. నువ్వు ఏం చెప్పినా ఔనంటుంది, ఒక్కోసారి ఔననకూడనిదానికి కూడా. రాత్రి ఒంటిగంటకి మనిషి గొంతు కావాలంటే పైన టీచరుగారికి చెప్పిన 14416 నీకూ పనిచేస్తుంది. పగటిపూట మీ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారేమో కనుక్కో.

ఇంకొకటి. నెలరోజులుగా నువ్వు రెండింటిదాకా మేలుకుని ఉంటున్నావని ఆ పక్క మంచం అబ్బాయికి తెలియదనుకుంటున్నావా? నీ ఫోన్ వెలుగు అతని గోడ మీద పడుతూనే ఉంటుంది కదా.